పెద్దపేగు తీసేశాక రోజుకి ఎన్నిసార్లు?

ఈ ఎపిసోడ్ మొత్తం బాత్రూమ్ గురించే. తింటూ చూస్తున్నవాళ్లు పాజ్ చేసి తర్వాత రండి.

మా ఇంట్లో ఎఫ్ఏపీ అనే జబ్బు వంశపారంపర్యంగా ఉంది. ఏపీసీ అనే జీన్‌లో తేడా. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే ఛాన్స్ 50 శాతం. టీనేజ్ నుంచే పెద్దపేగులో వందలకొద్దీ పాలిప్స్, అంటే చిన్న చిన్న బుడిపెలు మొదలవుతాయి. వదిలేస్తే దాదాపు అందరికీ క్యాన్సర్ వస్తుంది. అందుకే ముందుగానే పేగు తీసేస్తారు. నాకు 24 ఏళ్లప్పుడు తీశారు. చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి సంచిలా కుట్టారు, దాన్ని జే పౌచ్ అంటారు. ఇప్పుడు మా తమ్ముడి వంతు. వాడు అడిగిన మొదటి ప్రశ్న: "అన్నా, రోజుకి ఎన్నిసార్లు వెళ్తావ్?"

ఆరుసార్లు. మొదటి వారాల్లో పది దాటేది. ఏడాది గడిచేసరికి చాలామందికి నాలుగు నుంచి ఎనిమిది మధ్య సెటిల్ అవుతుంది, రాత్రి ఒకసారి లేవడంతో కలిపి.

ఎందుకిలా? పెద్దపేగు మెయిన్ పని నీళ్లు, ఉప్పు పీల్చుకోవడం. చిన్నపేగు నుంచి రోజూ లీటరు దాకా ద్రవం అందులోకి వస్తే చాలావరకు వెనక్కి లాగేస్తుంది. మనం ఆ మాడ్యూల్‌నే డిలీట్ చేశాం. కాబట్టి పోయేది నీళ్లొక్కటే కాదు, ఉప్పు కూడా. తల తిరుగుతోందని ఉత్త నీళ్లు తాగుతూ పోతే సరిపోదు. ఉప్పేసిన మజ్జిగ, లేదంటే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న ఓఆర్ఎస్ పౌడర్. తియ్యటి కూల్‌డ్రింకులు మోషన్స్ ఇంకా పెంచుతాయి.

లోపరమైడ్ మాత్ర పేగు కదలికని నెమ్మదింపజేస్తుంది. భోజనానికి అరగంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది, డోసు మాత్రం డాక్టర్ చెప్పినంతే. ఇసబ్‌గోల్ తక్కువ నీళ్లతో తీసుకుంటే మోషన్ చిక్కబడుతుంది. అది మలబద్ధకానికి కదరా అని మా అమ్మకి ఇప్పటికీ డౌటే!

తిండి సంగతి. పెరుగన్నం, అరటిపండు, సగ్గుబియ్యం జావ సేఫ్. బిర్యానీ తినొచ్చు, కానీ రాత్రి పదకొండుకి తింటే మూడింటికి లేస్తారు. ఆవకాయ లోపలికి వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది, బయటికొచ్చేటప్పుడే మంట. నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాయండి.

ఉన్నట్టుండి మోషన్స్ పెరిగి, ఆపుకోలేక, జ్వరమో రక్తమో కనిపిస్తే అది పౌచ్ వాపు కావచ్చు. సొంతంగా లోపరమైడ్ పెంచకండి, డాక్టర్ చూసి అవసరమైతే యాంటీబయాటిక్స్ ఇస్తారు. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోవట్లేదంటే పేగు అడ్డుపడి ఉండొచ్చు. పొద్దున చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పేగే లేదు కదా అని స్కోపీ మానేసేవాళ్లున్నారు. పౌచ్‌లోనూ, చిన్నపేగు మొదటి భాగంలోనూ మళ్లీ పాలిప్స్ రావచ్చు. నాది వచ్చే నెలే.