చెవిలో దూది పెట్టకండి



గత వర్షాకాలంలో ఒక శనివారం రాత్రి మా సంఘములోని యౌవనస్థుడొకడు వరంగల్ నుండి మోటారు సైకిలుపై వస్తూ పడిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. చాలాసేపు రోడ్డు పక్కనే ఉన్నా ఎవరూ ఆగలేదట. తానే లేచి ఇల్లు చేరాడు, అన్నం తిన్నాడు. ఎడమ చెవిలోనుండి నెత్తురు వస్తుంటే తల్లి కొబ్బరినూనె వేసి దూది పెట్టింది.

మరునాడు ఆరాధన ముగిశాక ఆమె నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నెత్తురు ఆగింది గని చెవుల నుంచి నీళ్లు కారుతున్నయి. దిండంతా తడిసింది. ప్రార్థన చేయండి" అన్నది. వెళ్లి చూస్తే చెవి వెనుక నల్లగా కమిలి ఉంది. ప్రార్థన చేశాను, 108కి ఫోను కూడా చేయించాను.

ఎం.జి.ఎం. ఆసుపత్రిలో సి.టి. స్కాను తీశారు. పుర్రె అడుగు ఎముక చిట్లింది. మెదడు ఆ ఎముక మీదనే ఆని ఉంటుంది. ఎముకతోపాటు పైపొర చిరిగితే మెదడు చుట్టూ ఉండే నీరు చెవినుండో ముక్కునుండో కారుతుంది. నీరు బయటికి వచ్చే దారినే క్రిములు లోపలికి పోగలవు. పోతే మెదడు పొరల వాపు, అది ప్రాణాంతకము. అందుకే చెవిలో ఏమీ కుక్కరాదు, పైన శుభ్రమైన గుడ్డ వదులుగా ఉంచితే చాలు. మంచి సమరయుడు నూనె పోసింది గాయముల మీద, చెవిలో కాదు!

చెవి వెనుక నలుపు ఒకటి రెండు రోజులకు గాని కనబడదు. కొందరికి రెండు కళ్ల చుట్టూ నల్లబడుతుంది. ముక్కునుండి నీళ్లు కారి, గొంతులో ఉప్పగా తగిలితే జలుబనుకొని చీదవద్దు. మూతి వంకరపోయినా, వినికిడి తగ్గినా అనుమానించాలి. మామూలు ఎక్స్‌రేలో ఈ పగులు తరచుగా దొరకదు.

చికిత్స అనగానే కత్తి అని భయపడతారు. చాలామందికి తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టి, ముక్కకుండా, చీదకుండా చూస్తే వారం పది రోజుల్లో కారడం ఆగుతుంది. ఆగనివారికే ఆపరేషను. ఈలోగా జ్వరం, మెడ బిగుసుకోవడం, వాంతులు, మగత కనబడితే క్షణం ఆలస్యం చేయరాదు.

దారిన పోయేవారు ఆగకపోవడానికి కారణం పోలీసు కేసు భయమే. క్షతగాత్రుని చేర్చినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోనూ వారికి రక్షణ ఉంది, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు.

మా వాడికి ఆరవ రోజున నీరు ఆగింది. ఎడమ చెవి మాత్రం సరిగా వినబడదు. ఇప్పుడు ఆరాధనలో ఆ చెవి గోడవైపు ఉండేలా కూర్చుంటాడు.