ముత్తుకూరు యుద్ధం: నెల్లూరు కోసం రెండు కూటముల పోరు

ఒకవైపు మధుర, మరోవైపు ఓరుగల్లు, నడుమ నెల్లూరు. 1263 ప్రాంతంలో సముద్రతీరాన జరిగిన ఆ పోరు తెలుగు చోడుల ప్రాభవాన్ని దెబ్బతీసింది.

నెల్లూరు నుంచి కృష్ణపట్నం వెళ్లేవాళ్లకు ముత్తుకూరు బాగా తెలుసు. బొగ్గు లారీలు, రొయ్యల గుంటలు, థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, మత్స్య కళాశాల... ఇవాళ ఆ ఊరి ఆనవాళ్లు ఇవే. పాండ్యుల శాసనాల్లో ‘ముడుగూరు’గా కనిపించే యుద్ధరంగం ఈ ఊరేనని చరిత్రకారులు గుర్తించారు.

అప్పటి నెల్లూరు పేరు విక్రమసింహపురి. తెలుగు చోడుల రాజధాని. వాళ్ల ఏలుబడి ఒక దశలో కంచి దాకా సాగింది. తమిళ శాసనాల్లో కృష్ణపట్నానికి కొల్లిత్తురై, గండగోపాలపట్టణం అనే పేర్లున్నాయి. గండగోపాలుడన్నది ఈ వంశపు రాజుల బిరుదే. కంచికి వెళ్లే దారి, సరుకు దిగే రేవు రెండూ చేతిలో ఉన్న రాజ్యాన్ని ఉత్తరాది వాళ్లూ దక్షిణాది వాళ్లూ ఎందుకు వదులుకుంటారు?

తిక్కన రాయబారం

1250 ప్రాంతంలో దాయాదులు అక్కన, బయ్యన కలిసి నెల్లూరు రాజు మనుమసిద్ధిని గద్దె దించారు. మంత్రి తిక్కన ఓరుగల్లు బయల్దేరాడు. కాకతీయ రాజు గణపతిదేవుడి కొలువులో భారతం వినిపించి ఆయన మనసు గెలుచుకున్నాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. కాకతీయ సేన దక్షిణానికి దిగింది. మనుమసిద్ధికి రాజ్యం తిరిగి దక్కింది. కాకతీయ సేనాని సామంతభోజుడు కంచి ఏకామ్రనాథుడి గుడిలో వేయించిన 1249 నాటి శాసనం చూస్తే, ఓరుగల్లు చేయి అప్పటికే ఎంత దూరం చాచిందో అర్థమవుతుంది.

ఆ సాయంతోనే నెల్లూరు నిలబడింది. దాంతోనే ఓరుగల్లు పక్షాన చేరిపోయింది. కాకతీయులను ఢీకొట్టాలనుకునే దక్షిణాది రాజెవరికైనా ఇక తొలి గురి నెల్లూరే.

మధుర నుంచి దండు

1251లో మధుర గద్దెనెక్కిన జటావర్మ సుందరపాండ్యుడు ఆగలేదు. చేరులను ఓడించాడు. చోళులతో కప్పం కట్టించుకున్నాడు. హోయసలుల కన్ననూరును పట్టుకున్నాడు. సేందమంగలం కోటను ముట్టడించి కాడవ రాజు కొప్పెరుంజింగను లొంగదీశాడు. నిన్నటి శత్రువు ఇవాళ్టి సామంతుడయ్యాడు. తర్వాత కంచి కూడా పడిపోయింది.

ఇటువైపు మనుమసిద్ధి, కాకతీయులు, దేవగిరి సేవుణులు, బాణులు. అటువైపు సుందరపాండ్యుడు, అతని సహపాలకుడు వీరపాండ్యుడు, కొప్పెరుంజింగ. ద్రాక్షారామంలో 1262 నాటి కొప్పెరుంజింగ శాసనం ఉంది. కాకతీయుల ప్రధాన బలం నెల్లూరుకు కదలకుండా కట్టిపడేయడానికే అతణ్ని గోదావరి వైపు పంపారని కొందరు చరిత్రకారుల అంచనా.

ముత్తుకూరులో తెలుగు కూటమి విరిగిపోయింది. ‘తెలుంగులు, ఆర్యులు’ ఓడిపోయారనీ, పేరాఱు దాకా శవాలు పడ్డాయనీ, బాణరాజు అడవుల పాలయ్యాడనీ పాండ్యుల ప్రశస్తి చెప్పుకుంది. ఆర్యులంటే సేవుణులని పండితులు తేల్చారు. పేరాఱు ఏ నది? పెన్న అయితే ఆ తరుమడం ఒక రోజు నడక. కృష్ణ అయితే జిల్లాలు దాటిన వేట. మనుమసిద్ధి ఈ యుద్ధంలోనే ప్రాణాలు కోల్పోయాడు. సుందరపాండ్యుడు నెల్లూరులోనే వీరాభిషేకం జరిపించుకున్నాడు.

గెలిచినవాడి మాటే మిగిలింది

పల్నాటి వీరులకు కారెంపూడిలో ఏటా ఉత్సవం జరుగుతుంది. ఇదే మనుమసిద్ధి పుల్లరి (పశువుల మేత పన్ను) దగ్గర కాటమరాజుతో తలపడిన కథను, అందులో సేనాని ఖడ్గతిక్కన పడిపోయిన ఘట్టాన్ని జనం తరతరాలుగా పాడుకున్నారు. రాజు ప్రాణాన్నే తీసిన ముత్తుకూరుకు మాత్రం అలాంటి ఆదరణ దక్కలేదు. మనం చెప్పుకునే వివరాల్లో చాలా భాగం గెలిచినవాడి ప్రశస్తి నుంచి వచ్చినవే.

నెల్లూరు ఆ తర్వాతా చేతులు మారుతూనే ఉంది. కాయస్థ అంబదేవుడు మనుమగండగోపాలుణ్ని గద్దెనెక్కించాడు. కాకతీయ ప్రతాపరుద్రుడి సేనలు అతణ్ని తొలగించాయి. 1316లో ఆయన సేనాని ముప్పిడి నాయకుడు కంచి దాకా వెళ్లాడు. 1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లే పడిపోయింది.

బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను 1905లోనే మూడు భాగాలుగా అచ్చువేశారు. వాటిని, పాండ్యుల ప్రశస్తులను పక్కపక్కన పెట్టి, మామూలు పాఠకుడికి అర్థమయ్యే తెలుగులో వెలువరించాలి. ముత్తుకూరు బడి పిల్లలు తమ ఊళ్లో ఎవరు ఎవరితో ఎందుకు పోరాడారో అందులో చదువుకోగలగాలి.