గడ్డి మందు మానేసిన పదిహేడు ఎకరాల ద్రాక్ష తోట - ఫ్రాన్స్‌లో కులే ద సెరాన్

ఈసారి వీడియో మన ఊళ్లది కాదు, ఫ్రాన్స్‌ది. లువార్ నది ఒడ్డున ఆంజే అనే పట్టణానికి దగ్గర్లో సవెనియేర్ అని చిన్న ఊరు ఉంది. అక్కడి ద్రాక్ష తోట పేరు కులే ద సెరాన్. విస్తీర్ణం సుమారు 7 హెక్టార్లు, అంటే మన లెక్కలో పదిహేడు ఎకరాలు. తయారు చేసేది వైన్. వైన్ గురించి మనకెందుకండీ అని కొందరు అడుగుతారు. తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ తోటలో జరిగింది మాత్రం ప్రతి రైతూ తెలుసుకోవాల్సిన విషయం.

ఈ కొండవాలులో 1130లో క్రైస్తవ సన్యాసులు ద్రాక్ష నాటారని చెబుతారు. 1962లో జోలీ కుటుంబం తోటను కొనుక్కుంది. వాళ్ల అబ్బాయి నికొలా జోలీ అమెరికాలో ఎంబీఏ చదివి బ్యాంకు ఉద్యోగం చేశాడు. 1977లో ఉద్యోగం వదిలేసి తల్లికి సాయంగా ఇంటికి వచ్చేశాడు. వచ్చిన కొత్తలో ఒక వ్యవసాయ సలహాదారు, "మీ అమ్మగారు పాత పద్ధతిలో చేస్తున్నారు, గడ్డి మందు కొడితే కూలి ఖర్చు బోలెడు మిగులుతుంది" అని చెప్పాడట. ఈయన నమ్మాడు, కొట్టించాడు. రెండేళ్లు తిరిగేసరికి మట్టి రంగు మారింది. అక్షింతల పురుగులు, కౌజు పిట్టలు తోటలో కనిపించడం మానేశాయి. ఈ మాట ఆయన చాలాచోట్ల చెప్పుకున్నాడు. మన దగ్గర కలుపు మందు కొట్టిన చేలో వానపాములు పోయాయని చెప్పే రైతు మాటకీ ఆయన మాటకీ తేడా ఏముందండీ?

ఆ సమయంలో బయోడైనమిక్ సాగు మీద ఒక పుస్తకం చేతికొచ్చింది. 1980లో కొంత భాగంలో పరీక్షించి చూసి, 1984కల్లా తోట మొత్తం ఆ పద్ధతికి మార్చేశాడు. ఇప్పుడు ఆయన కూతురు విర్జినీ చూసుకుంటోంది.

బయోడైనమిక్ అంటే 1924లో రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల్లోంచి పుట్టిన పద్ధతి. ఇందులో ముఖ్యమైనది కొమ్ము ఎరువు. ఆవు కొమ్ములో ఆవు పేడ కూరి, చలికాలం మొదట్లో నేలలో పాతిపెడతారు. వసంతంలో తీస్తే పేడ వాసన పోయి మెత్తటి నల్లమట్టిలా ఉంటుంది. హెక్టారుకు గుప్పెడు, అంటే సుమారు వంద గ్రాములు, ముప్పై నలభై లీటర్ల నీళ్లలో వేసి గంటసేపు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి సుడి తిరిగేలా కలుపుతారు. సాయంత్రం నేల మీద చల్లుతారు. జీవామృతం కలిపే రైతులకి ఇది కొత్తగా అనిపించదు. కానీ తేడా ఉంది. జీవామృతంలో బెల్లం, పప్పు పిండి వేసి సూక్ష్మజీవుల్ని పెంచుతాం, ఎకరాకు రెండు వందల లీటర్లు పారిస్తాం. వంద గ్రాములతో అంత పని ఎలా జరుగుతుందో శాస్త్రవేత్తలు ఒప్పుకునేలా ఎవరూ చూపించలేదు. నా అభిప్రాయం అడిగితే, ఆ తోటను నిలబెట్టింది కొమ్ము కంటే ఎక్కువగా గడ్డి మందు మానడం, గొర్రెల్ని మేపడం, ఆవు ఎరువు వేయడం, నిటారు వాలులో ట్రాక్టర్ బదులు గుర్రంతో దున్నడం అనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. యూరప్ ద్రాక్షకు బూజు తెగులు అమెరికా నుంచి 1878లో వచ్చింది. దానికి మందు 1885లో ఫ్రాన్స్‌లోనే బోర్డో దగ్గర దొరికింది. అదే మనం వాడే బోర్డో మిశ్రమం, మైలుతుత్తం సున్నం కలిపినది. సేంద్రియ ద్రాక్ష రైతులు, బయోడైనమిక్ వాళ్లు ఈరోజుకీ రాగి మీదే ఆధారపడతారు. రాగి మట్టిలోంచి పోదు, పేరుకుంటుంది. అందుకే యూరప్‌లో హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలు దాటకూడదని పరిమితి పెట్టారు. సేంద్రియం అన్నంత మాత్రాన మందు లేదని అనుకోవద్దండి.

ఇక రకం సంగతి. ఈ తోటలో ఉన్నది ఒక్కటే రకం, షెనిన్ బ్లాంక్. తెల్ల ద్రాక్ష. మన నాసిక్ వైపు వైన్ తోటల్లోనూ దీన్ని పెంచుతున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహీ లాగా తినే రకం కాదు. గింజ చిన్నది, పులుపు ఎక్కువ. ముందే చిగురిస్తుంది కాబట్టి మంచు దెబ్బ భయం, ఆలస్యంగా పండుతుంది కాబట్టి వాన భయం. అన్ని గుత్తులూ ఒకేసారి పండవు. మనం పత్తి ఎన్ని తీతలు తీస్తామో, మిరప ఎన్ని కోతలు కోస్తామో, అలాగే వీళ్లు మూడు నాలుగు వారాల్లో నాలుగైదు సార్లు తోటలో తిరిగి, పండినవే ఏరి కోస్తారు. నది మీంచి వచ్చే పొగమంచుకి కొన్ని గింజల మీద బూజు పడుతుంది. గింజలోని నీరు తగ్గి తీపి చిక్కబడుతుంది కాబట్టి అలాంటివి కూడా కొన్ని కలిపి కోస్తారు. దిగుబడి హెక్టారుకు 20, 25 వందల లీటర్ల వైన్. ఎకరాకు టన్నుంపావు పండు అనుకోండి. మన పందిరి తోటలో పది టన్నులు తీసే రైతు నవ్వుతాడు. కానీ అక్కడ అమ్మేది బరువు కాదు, సీసా మీద ఉన్న ఆ ఏడు హెక్టార్ల పేరు. ఫ్రాన్స్ చట్టంలో ఈ ఒక్క తోటకే విడిగా ప్రాంత గుర్తింపు ఉంది. బయటి నుంచి ఈస్టు వేయరు, పండు తొక్క మీదున్న ఈస్టుతోనే పులియబెడతారు.

తిండి విషయానికొస్తే, ఆ ఊరి వైన్ ఆ ఊరి తిండికే సరిపోయేలా ఉంటుంది. నది చేపను ఉడికించి, వెన్న, ఉల్లి, వెనిగర్‌తో చేసిన తెల్ల సాస్ పోసి పెడతారు. వెన్న జిడ్డును వైన్ పులుపు కోసేస్తుంది. మనం చేపల పులుసులో చింతపండు వేసేది కొంత ఇందుకే కదా! మేకపాల జున్నుముద్ద ఇంకో జోడీ. సెంట్ మోర్ అనే రకం పొడుగ్గా ఉంటుంది, మధ్యలో ఒక గడ్డిపోచ గుచ్చి ఉంటుంది. లువార్ మేకపాల జున్ను పులుపు, షెనిన్ పులుపు ఒకదాన్నొకటి కొట్టుకోవు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కోడి కూరతో ఇది బాగుంటుందా అని అడుగుతుంటారు. ఈ తోట వైన్ అయితే వద్దనే చెబుతాను. ఇందులో ఆల్కహాల్ ఎక్కువ, ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. మన కారానికి అదే షెనిన్‌తో వూవ్రే ఊళ్లో చేసే కాస్త తీపి రకం నయం. కులే ద సెరాన్ సీసా ఎవరైనా కానుకగా ఇస్తే ఫ్రిజ్‌లో గడ్డకట్టేలా పెట్టకండి. ఒక రోజు ముందే మూత తీసి ఉంచి, 14 డిగ్రీల దగ్గర, కారం లేని చేప వేపుడుతో పెట్టుకోమని చెప్పండి.