డబ్లిన్‌లో వాళ్ళింట్లో ఒక గది

డబ్లిన్ వెళ్ళే మన పిల్లల్లో ఎక్కువమంది నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసుకుంటారు. నేను మాత్రం మాస్టర్స్ చేసిన ఏడాదంతా గ్లాస్నెవిన్‌లో ఒక ఐరిష్ దంపతుల ఇంట్లో, మేడమీది గదిలో ఉన్నాను. ఇలా ఉండడాన్ని అక్కడ ‘డిగ్స్’ అంటారు. గది మనది, వంటిల్లూ బాత్‌రూమూ ఉమ్మడి. కొందరు భోజనం కూడా పెడతారు. ఇప్పుడు మా వీధిలో ఎవరి పిల్లలు ఐర్లండ్ బయల్దేరినా తల్లులు నన్ను అడిగేది ఒకటే: “సొంత పిల్లలా చూసుకుంటారా అమ్మా?”

అలా చూసుకోరు. పరాయిదాన్ని చూసినట్టూ చూడరు. ఆ రెంటికీ మధ్య ఉన్నదేమిటో ముందే తెలిస్తే, వెళ్ళిన కొత్తలో పిల్లలు పడే దిగులు సగం తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

మొదట నేర్చుకోవలసింది వేడినీళ్ళ సంగతి. అక్కడి చాలా పాత ఇళ్ళలో రాగి ట్యాంకులో నీళ్ళు కాచే కరెంటు హీటరు ఉంటుంది, దాన్ని ‘ఇమ్మర్షన్’ అంటారు. స్విచ్చు ‘సింక్’ వైపు పెడితే ట్యాంకు పైభాగంలో నీళ్ళే కాగుతాయి, ‘బాత్’ వైపు పెడితే ట్యాంకంతా కాగుతుంది. కట్టేయడం మర్చిపోతే బిల్లు తడిసి మోపెడవుతుంది. మా ఇంటావిడ కారెక్కాక కూడా దిగి, లోపలికెళ్ళి చూసొచ్చేది. పొద్దున్నే తలంటు పోసుకోవాలంటే రాత్రే చెప్పి ఉంచేదాన్ని.

తర్వాత వంటిల్లు. వాళ్ళు ఆరింటికల్లా రాత్రి భోజనం ముగిస్తారు, ఏడున్నర నుంచి పొయ్యి నాది. మూర్ స్ట్రీట్ చుట్టుపక్కల దుకాణాల్లో కందిపప్పు, ఎండుమిర్చి, ఇంగువ అన్నీ దొరుకుతాయి కాబట్టి వంటకి లోటు లేదు. ఒకరోజు ఆవిడ నన్ను కూర్చోబెట్టి, పోపు వాసన తనకేమీ ఇబ్బంది కాదనీ, హాల్లో తగిలించిన కోటుకి పట్టేస్తోందనీ చెప్పింది. ఆ రోజు నుంచి వంటింటి తలుపు మూసి, కిటికీ తీసి వండాను. విషయం అంతటితో తీరిపోయింది. మనవాళ్ళు ఇలాంటివి ముఖాన చెప్పరు, మనసులో పెట్టుకుంటారు. ఆవిడ పద్ధతే నాకు నచ్చింది.

ఫిబ్రవరిలో పక్కింటి పెద్దాయన పోయారు. “నువ్వూ రా, నిన్ను ఎరిగిన మనిషి కదా” అని ఆవిడ తీసుకెళ్ళింది. ముందుగదిలో పేటిక మూత తెరిచి ఉంచారు. వచ్చినవాళ్ళు వరసగా వెళ్ళి ఇంట్లో ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని రెండు మాటలు చెప్పి, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి టీ తాగుతున్నారు, శాండ్‌విచ్‌లు తింటున్నారు, ఆయన చేసిన అల్లరి పనులు చెప్పుకుని నవ్వుతున్నారు. చావింట్లో పొయ్యి వెలిగించని ఇంటినుంచి వచ్చినదాన్ని, కప్పు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. తిరిగొస్తూ, ఇలాంటి ఇంటికి వెళ్ళొస్తే మేం తలస్నానం చేశాకే గదుల్లోకి వెళ్తామని చెప్పాను. ఎందుకని ఆవిడ అడగలేదు. తలుపు తీస్తూనే వెళ్ళి స్విచ్చు ‘బాత్’ వైపు తిప్పింది. కాలేజీ హాస్టల్లో ఉండి ఉంటే ఆ ఊరి చావు నాకు తెలిసేదే కాదు.

ఇంత ఆప్యాయత ఉన్నా, చట్టం మాట వేరు. యజమాని ఉంటున్న ఇంట్లో గది తీసుకుంటే చట్టం లెక్కలో మీరు అద్దెదారు కారు, వాళ్ళ అనుమతితో ఉంటున్న మనిషి మాత్రమే. ఖాళీ చేయించాలంటే అద్దెదారుకి ఇన్ని రోజుల ముందు చెప్పాలన్న నియమం మీకు వర్తించదు. అడ్వాన్సు తిరిగి రాకపోతే 2,000 యూరోల లోపు తగాదాలు తీర్చే స్మాల్ క్లెయిమ్స్ పద్ధతిలో ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఇటు యజమానికి ప్రభుత్వం మంచి వెసులుబాటే ఇచ్చింది. సొంతింట్లో గది ఇచ్చి ఏడాదికి 14,000 యూరోల వరకు తీసుకుంటే ఆదాయపు పన్ను లేదు. భోజనానికీ బట్టల ఉతుకుకీ తీసుకునేది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ హద్దు దాటితే పైమొత్తం మీదే కాదు, అంతటి మీదా పన్ను పడుతుంది. ఇళ్ళ కరువున్న ఊళ్ళో ఖాళీ గదుల తలుపులు తెరిపించడానికి పెట్టిన ఏర్పాటు ఇది. నాకు గది దొరికిందీ దానివల్లే. కానీ లోపలికి వచ్చిన విద్యార్థికీ రాతపూర్వకంగా కొంత రక్షణ ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది సోమవారం నుంచి శుక్రవారం వరకే ఇచ్చే గదులు. వారాంతానికి సొంతూరు వెళ్ళిపోయే ఐరిష్ పిల్లలకి అవి సరిపోతాయి. మన పిల్లలు శనివారం ఎక్కడికి వెళ్తారు? నాతో చదివిన ఒకమ్మాయి తక్కువ డబ్బని అలాంటి గది తీసుకుని, వారం వారం సంచీ సర్దుకుని స్నేహితుల ఇళ్ళలో సోఫాల మీద పడుకునేది. క్రిస్మస్‌కైతే మరీ కష్టం. ఇంటివాళ్ళు బంధువులతో ఇల్లు నిండుతుందని ముందే చెప్పేస్తారు, ఆ రోజు డబ్లిన్‌లో సిటీ బస్సులుండవు, లువాస్ ట్రాములూ నడవవు.

అందుకే గది ఒప్పుకునే ముందు మెయిల్‌లోనైనా ఇవి రాయించుకోమంటాను: వారాంతాలూ క్రిస్మస్ సెలవులూ కలిసి ఉన్నాయా, పొయ్యి ఏ వేళల్లో మనది, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, ఖాళీ చెయ్యమంటే ఎన్ని వారాల గడువు. మా ఇంటావిడ ఈ కాగితం చూసి ఏమీ అనుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఒక వారం గడువన్నచోట నాలుగని దిద్ది సంతకం పెట్టింది.