ముంగిస దూరని గూడు

నాకప్పుడు పదేళ్లు. సెలవులకి నందిగామ దగ్గర అమ్మమ్మగారి ఊరు వెళ్లాను. ఒకరోజు తెల్లవారినా పెరట్లో అలికిడి లేదు. కొత్తగా కొట్టించిన జాలీ గూట్లో ఏడు పెట్టలూ మెడలు కొరికేసి పడున్నాయి. ఒక్కదాన్నీ తిన్న జాడ లేదు. "ముంగిస రక్తం తాగిపోయిందిరా" అంది అమ్మమ్మ. గూట్లోకి ఎప్పుడూ దూరని మొండి పుంజొకటి మాత్రం వేపకొమ్మ మీద మిగిలింది.

ఆ పుంజు ఎందుకు బతికిందో నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. మన కోళ్లకి మూలమైన ఎర్ర అడవికోడి పొద్దుగూకితే చెట్టెక్కుతుంది. కొమ్మ మీద కాలు మడిచి కూర్చోగానే కాలి వెనక స్నాయువు బిగుసుకుని వేళ్లు వాటంతటవే కొమ్మని పట్టేస్తాయి. అందుకే నిద్రలోనూ జారిపడదు. చెట్టు మీదికి బావురుపిల్లి వచ్చినా ఒకదాన్ని పట్టుకునేలోగా మిగతావి ఎగిరిపోతాయి. గూట్లో ఆ దారి లేదు. అసలే చీకట్లో కోడికి చూపు ఆనదు. రెక్కలు టపటపా కొట్టుకునే కొద్దీ వేటజంతువుకి కొరకాలన్న ఊపు రేగుతుంది. కడుపు నిండినా అది ఆగదు. అవసరానికి మించిన ఈ చంపుడు గురించి హాన్స్ క్రూక్ అనే జంతుశాస్త్రవేత్త 1972లో వివరంగా రాశాడు. రక్తం తాగడమన్నది మనం చెప్పుకున్న కథ. కన్నమున్న గూట్లో పెట్టడం కన్నా కోళ్లని చెట్టు మీద వదిలేయడమే మేలు.

మన వైపు తొలి గూడు గంప. ఈతబరికెలతోనో కందికంపతోనో అల్లిన గంపని పిల్లలకోడి మీద కమ్మి, పైన రాయి పెట్టేవాళ్లు. గద్దకీ కాకికీ అది చాలు. రాత్రి కుక్క మూతితో నెట్టిందంటే మాత్రం దొర్లిపోతుంది. నల్లరేగడి ఎండకి బీటలు వారితే పందికొక్కులు, పాములు కింద నుంచే వస్తాయి. నేల ఎప్పుడూ గట్టిగా ఉంటుందన్న నమ్మకం మీద అల్లింది గంప.

ఆ కొరత తీర్చింది రాయి. కృష్ణ అవతలి పల్నాడు నాపరాళ్లు కింద పరిచి, చుట్టూ నిలబెట్టి, పైన మరో పలక మూసేవాళ్లు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపం పలకలూ పల్నాటి సున్నపురాయే. ఆ రాతిని కొరికే పన్ను లేదు, తవ్వే గోరు లేదు. కానీ మన మెట్టలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చడమే దాని ఉపాయం. పగలంతా కాగిన రాతిపెట్టెలో, రెట్ట ఘాటు మధ్య, గాలి ఆడకపోతే ఆ వగర్పూ పని చెయ్యదు. పాపం, ముంగిస రాని రాత్రుల్లో కూడా ఆ గూళ్లలో కోళ్లు చచ్చేవి.

గాలినిచ్చే గోడ ఇంగ్లండులోని నేతల ఊరు నార్విచ్ నుంచి వచ్చింది. 1844లో చార్లెస్ బార్నార్డ్ బట్టనేసే మగ్గం పోలికలో తీగె అల్లే యంత్రం కట్టాడు. పక్కపక్క తీగెలని ఒకసారి కుడివైపు దాంతో, మరోసారి ఎడమవైపు దాంతో మెలిపెడితే ఆరుమూలల గళ్లు పడతాయి. ఒక తీగె తెగినా వల మొత్తం విడిపోదు. మనం "కోళ్ల జాలీ" అనేది దీన్నే. కుందేళ్లని ఆపడానికి పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1907 దాకా 3,256 కిలోమీటర్ల కంచెలు వేసినప్పుడు తీగెవలనే వాడారు. తవ్వే జంతువుకని కంచె అడుగుని భూమిలో పాతారు.

మా అమ్మమ్మ గూట్లో జరిగిన పొరపాటు ఇక్కడే ఉంది. ఆ వలకి కోడిని లోపల ఉంచడం వచ్చు, ముంగిసని బయట ఉంచడం రాదు. తీగె సన్నం, గళ్లు పెద్దవి, అంచు నేల మీదే ఆగిపోయింది. ముంగిస తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే.

విషం పెట్టాలనుకోవడం తప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముంగిసనీ బావురుపిల్లినీ చంపడం నేరం. పైగా చేలో ఎలుకల్ని తినేదీ అవే.

మొన్న వేసవిలో జగ్గయ్యపేట దగ్గర మా తమ్ముడి దొడ్లో గూడు కట్టాం. అడుగున నాపరాళ్లు, మోకాలెత్తు రాతిగోడ, ఆపైన అరంగుళం గళ్ల వెల్డింగ్ మెష్, దాని మీద తాటాకు కప్పు. లోపల బొటనవేలికన్నా లావుపాటి కర్రదూలం అడ్డంగా వేశాం, కాలివేళ్లకి పట్టుండాలని. తలుపుకి గడియతోపాటు కొక్కెం కూడా పెట్టాం. పొద్దుగూకగానే కోళ్లని లెక్కపెట్టి మూయడం మా మరదలి పని. గోడ మొదట్లోంచి బయటికి రెండడుగుల మెష్ పడుకోబెట్టి, మీద బెత్తెడు మట్టి కప్పాం. తవ్వే జంతువు గోడకి ఆనుకునే తవ్వుతుంది. తీగె తగిలితే వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు.

వారం తిరక్కుండా ఒక పొద్దున చూస్తే గోడవార నాలుగైదు చోట్ల మన్ను గీరి ఉంది. ప్రతి గుంటలోనూ బెత్తెడు లోతున తీగె మెరుస్తోంది. లోపల దూలం మీద కోళ్లు పదకొండూ ఉన్నాయి.