కొనుగోళ్లపై పన్ను: లెక్క చూచుకొను విధము

"అమ్మకపు పన్ను వర్తకుడు ప్రభుత్వమునకు కట్టునది, దానితో మనకేమి పని?" యని తలంచు రైతులు పెక్కుమంది గలరు. కట్టువాడు వర్తకుడే గాని, ఆ పైకము వెడలునది మన చేతినుండియే. కావున ఏ సరకుపై నెంత పన్ను పడుచున్నదో యెరుగుట యెల్లరకును అవసరము.

ఈ పన్ను మనకు క్రొత్తది కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరియుండిన మద్రాసు రాజధానియందు 1939లో శ్రీ రాజగోపాలాచారిగారి ప్రభుత్వము సాధారణ అమ్మకపు పన్ను చట్టమును చేసెను. అటుపిమ్మట చట్టములు పలుమారులు మారి, 2017 జూలై 1వ తేది మొదలు వస్తుసేవల పన్ను, అనగా జి.ఎస్.టి., అమలులోనికి వచ్చెను. రాష్ట్రములోపలి కొనుగోలుపై నిందు సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు చెందును. బిల్లుపై రెండు పద్దులు కనుపించుటకు కారణమిదియే. అది రెండుమారులు పన్ను వేయుట కాదు.

విత్తుటకై యమ్ము విత్తనములపై పన్ను లేదు. ఎరువులపై నూటికి 5, రసాయనిక పురుగుమందులపై నూటికి 18 చొప్పున గలదు. స్నానపు సబ్బు, తలనూనెలపై 18గా నుండినది 2025 సెప్టెంబరు 22వ తేది మొదలు 5కు తగ్గెను.

ఇక లెక్క. పన్ను చేరని ధర 1,000 రూపాయలైన పురుగుమందునకు 180 రూపాయలు కలుపగా 1,180 అగును. ఇది సులభమే. పన్ను చేరిన ధరనుండి పన్నును విడదీయుటయందే పలువురు పొరబడుదురు. 590 రూపాయల డబ్బాలో పన్నెంత? 590ని 18చే హెచ్చించి 118చే భాగింపవలెను, 90 వచ్చును. అసలు ధర 500. నూటిచే భాగించినచో 106 రూపాయల 20 పైసలని తప్పులెక్క వచ్చును. నూటికి 5 పన్నుగల సరకైనచో మరియు సులభము: పన్ను చేరిన ధరను 21చే భాగించిన చాలును. 630 రూపాయల ఎరువులో పన్ను 30 రూపాయలు.

డబ్బాపై అచ్చువేసిన గరిష్ఠ ధరలో పన్నులన్నియు చేరియే యుండును. దానిపై మరల పన్ను కోరుట చట్టవిరుద్ధము. 590 ముద్రించిన డబ్బాకు 696 అడిగినచో ఈయవలదు. అంతకంటె తక్కువ ధర చెప్పి పన్ను కలిపినను, మొత్తము గరిష్ఠ ధరను మీరనంతవరకు దోషము లేదు. కాంపొజిషను పద్ధతి నవలంబించిన చిన్న వర్తకులు కొనువారివద్ద పన్ను వసూలు చేయరాదు. ఆ సంగతి వారి బిల్లుపైననే వ్రాసియుండవలెను.

"బిల్లు వలదన్నచో పన్ను తగ్గింతు"నను మాటకు లోబడరాదు. విత్తనము మొలవకున్నను, మందు నకిలీదైనను, నష్టపరిహారము కోరుటకు ముఖ్యమైన సాక్ష్యము ఆ కాగితమే. నూరు రూపాయల ఆశకు పంటయంతటి హక్కును వదలుకొనుట తగునా? రెండువందలకు లోపు కొనుగోలుకైనను అడిగినచో పన్ను కట్టు వర్తకుడు బిల్లీయవలెను.

సభ్యులు ప్రతి బిల్లును పంట చేతికి వచ్చువరకు భద్రపరచి, బడికిపోవు పిల్లలచేత పై లెక్క వేయించి చూచుకొందురు గాక యని మా ప్రార్థన.