కొత్త ల్యాప్‌టాప్, పాత పెన్‌డ్రైవ్

ఈ ఎపిసోడ్‌లో నేను గబగబా చెప్పేసిన స్టెప్పులు ఇక్కడ నెమ్మదిగా రాస్తున్నాను. ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది.

2025 జూన్‌లో జరిగిన సంగతి. రాస్ అల్ ఖైమాలో నా రూమ్మేట్ ఊళ్ళో బీటెక్ చదివే కూతురి కోసం కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. రెండేళ్ళు కూడబెట్టిన డబ్బు.

"అన్నా, పాపకి ల్యాబ్‌లో లినక్సేనంట. విండోస్ ఉంచి, పక్కన అది కూడా వెయ్యవా? రేపు రాత్రే షార్జా నుంచి ఫ్లైటు."

"అరగంట పని" అన్నాను. నా దగ్గరున్న ఉబుంటు 24.04 పెన్‌డ్రైవ్ పెట్టాను. స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. బూట్ మెనూలో 'ఈ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర నోమోడ్‌సెట్ (అంతా కలిపి, చిన్న అక్షరాల్లో) చేర్చి ఎఫ్10 కొట్టాను. బొమ్మ వచ్చింది గానీ వై-ఫై లేదు.

కంగారులో సెక్యూర్ బూట్ ఆపేశాను. నా తప్పు ఇదే. విండోస్ తెరిస్తే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగింది! పాప సర్టిఫికెట్ల స్కాన్లు అప్పటికే అందులో ఉన్నాయి. అతని మొహం చూడలేకపోయాను. అదృష్టం, కీ అతని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికింది. సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్ చేశాను. అసలు ఉబుంటుకి దాన్ని ఆపక్కర్లేదు.

అప్పుడు కూర్చుని తేదీలు చూశాను. ఆ ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ లూనార్ లేక్ ప్రాసెసర్ 2024 సెప్టెంబరులో వచ్చింది. నా పెన్‌డ్రైవ్‌లోని 6.8 కెర్నల్ అదే ఏడాది మార్చిది. ప్రతి పరికరానికీ ఒక ఐడీ నంబరు ఉంటుంది. కెర్నల్‌లోని డ్రైవర్ తన జాబితాలో ఆ నంబరు ఉంటేనే దాన్ని పట్టించుకుంటుంది. ఇంకా పుట్టని పిల్ల పేరు రేషన్ కార్డులో ఎలా ఉంటుంది? నోమోడ్‌సెట్ ఆ గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కన పెట్టి మామూలు బొమ్మ చూపిస్తుంది, అంతే. అది తాత్కాలికం.

ఈ గ్రాఫిక్స్ మామూలుగా పనిచెయ్యడం 6.12 కెర్నల్ నుంచి. అందుకని నా పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 25.04 దింపాను. అందులో 6.14 ఉంది. దాదాపు 6 జీబీ, మా రూమ్ నెట్‌లో తెల్లారింది. పొద్దున వేస్తే స్క్రీన్, వై-ఫై రెండూ వచ్చాయి. సాయంత్రం ల్యాప్‌టాప్ బ్యాగులో సర్దాడు.

ఇప్పుడైతే 2025 ఆగస్టులో వచ్చిన 24.04.3లోనూ 6.14 ఉంది. డెబియన్ కావాలంటే 13 తీసుకోండి, అందులో 6.12.

మీరు చెయ్యాల్సిన వరస ఇది:

1. బిట్‌లాకర్ కీ ముందే కాగితం మీద రాసుకోండి. ఫైళ్ళు బ్యాకప్ తీసుకోండి.
2. ప్రాసెసర్ వచ్చిన తేదీ, కెర్నల్ తేదీ పోల్చండి. కెర్నల్ తర్వాతదై ఉండాలి.
3. ఇన్‌స్టాల్ చేసేముందు లైవ్‌లో వై-ఫై, సౌండ్, స్లీప్ చూడండి.
4. వై-ఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. దాని డ్రైవర్ ఎప్పటిదో, పాత కెర్నల్‌లోనూ ఉంటుంది.

ఇవన్నీ అయ్యాకే సెట్టింగుల జోలికి వెళ్ళండి. ముఖ్యంగా ల్యాప్‌టాప్ మీది కానప్పుడు.